సబ్బు మీద ఎవరి పేరు?

(మూలికా సబ్బులు, దేహ సంరక్షణ సామగ్రి తయారుచేసే మైనారిటీ మహిళల కోసం ప్రొద్దుటూరులో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





సభ ప్రారంభం కాకముందు నిర్వాహకులు నన్ను ఆ గోడవారనున్న బల్లల దగ్గరకు తీసుకువెళ్ళారు. మీరు చేసి తెచ్చిన సరకంతా తీరికగా చూశాను. వేప, కలబంద, పసుపు, మెంతులు, పులివెందుల చీనీకాయల తొక్కలు ఎండబెట్టి కొట్టిన పొడి, ఇవన్నీ సబ్బులలో కనిపించాయి. ఒక చెల్లెలు రేగి ఆకు పొడి కలిపి సబ్బు చేసింది. గుస్ల్ విషయంలో రేగి ఆకుకు మన సంప్రదాయంలో ఉన్న స్థానం మీకు తెలిసినదే గనుక ఆమె ఆలోచనకు ఎంతో ముచ్చటపడ్డాను. మాంజా నాడు పెళ్ళికూతురికి పూసే ఉబ్టన్ పొట్లాలు, తలనూనె సీసాలు, మెహందీ కోన్లు కూడా ఉన్నాయి. సరకు చక్కగా ఉన్నది. అయితే అధిక భాగం సబ్బు బిళ్ళలు తెల్లకాగితంలో చుట్టి ఉన్నాయి. వాటి మీద ఏ పేరూ లేదు. పేరున్న కొద్దిపాటి బిళ్ళల మీద కూడా చేసినవారి పేరు కాక, కొని అమ్మే దుకాణంవారి పేరున్నది. నేను మాట్లాడదలచుకున్నది ముఖ్యంగా ఈ సంగతి గురించే.

సచార్ కమిటీని మీరు మరచిపోయి ఉండరు. 2005లో నియమితమై 2006 నవంబరులో నివేదిక సమర్పించిన ఆ కమిటీ పేరు మన సభలలో తరచుగా వినబడుతుంది. రిజర్వేషన్ల సందర్భంలోనో, ఉద్యోగాల సందర్భంలోనో చెప్పుకుంటాము. కానీ అందులో మన ఇళ్ళలోని స్త్రీల గురించి ఒక లెక్క ఉన్నది. పనిచేసే ముస్లిం స్త్రీలలో 70 శాతం మంది తమ ఇంటి గోడల మధ్యనే ఉండి పనిచేస్తున్నారని, అన్ని వర్గాల స్త్రీలను కలిపి చూస్తే ఆ శాతం 51 మాత్రమేనని ఆ నివేదిక తెలిపింది. ఇంటిపని వేరు, ఇంట్లో కూర్చుని చేసే కూలిపని వేరు. బీడీలు చుట్టినా, అగరబత్తీలు దొర్లించినా, కుట్టుమిషను మీద కాజాలు తీసినా, సరకు తెచ్చియిచ్చేది మరొకరు, లెక్కగట్టి తీసుకుపోయేది మరొకరు. మధ్యలో ఆమె వేళ్ళు మాత్రమే ఆమెవి. సబ్బుల పని కూడా అదే దారి పడుతున్నదని నా భయం. చేతిలో విద్య ఉండి, వాసన పసిగట్టే నేర్పు ఉండి, పెట్టుబడి కొంత తనదే అయివుండి కూడా, ఆమె బిళ్ళకింత అని కూలి పుచ్చుకునే స్థితికి దిగిపోతున్నది.

లెక్క అర్థం కావడానికి మాత్రమే కొన్ని అంకెలు చెబుతాను. ధరలు నెలనెలా మారుతాయి గనుక వీటిని పట్టుకోకండి. ఒక బిళ్ళకు సరకుల ఖర్చు 25 రూపాయలు అనుకుందాము. దుకాణదారు 35కు తీసుకుంటాడు. తన పేరు ముద్రించిన అట్టపెట్టెలో పెట్టి 90కి అమ్ముతాడు. ఒక వాయిలో పన్నెండు బిళ్ళలు వస్తే ఆమెకు మిగిలింది 120 రూపాయలు. నూనెలు తూచడం, కలపడం, అచ్చులో పోయడం, కోయడం, నెలకు పైగా ఆరబెట్టి తిప్పుతూ కాపలా కాయడం, చుట్టడం, ఇంత పనికి 120. దుకాణదారుణ్ణి నిందించను. అద్దె అతనిది, కరెంటు అతనిది, అమ్ముడుపోకపోతే నష్టమూ అతనిదే. కానీ ఆమె నేరుగా అమ్మలేకపోవడానికి కారణం ఏమిటి? గిరాకీ లేకనా? కాదు. బెంగుళూరులో, హైదరాబాదులో ఉన్న మన బంధువులే అడిగి తెప్పించుకుంటున్నారు. ఆమె దగ్గర లేనివి కాగితాలు.

కాగితాల సంగతికి వచ్చేముందు తయారీ గురించి రెండు మాటలు చెప్పాలి. ఎందుకంటే చట్టం అడిగే ప్రశ్నలన్నీ అక్కడినుండే పుడతాయి.

"మా సబ్బులో రసాయనాలు లేవు" అని కొందరు కాగితం మీద వ్రాస్తున్నారు. దయచేసి ఆ మాట తీసివేయండి. కాస్టిక్ సోడా లేకుండా గట్టి సబ్బు తయారుకాదు. నూనె, కాస్టిక్ సోడా కలిసి మార్పు చెంది సబ్బు, గ్లిజరిన్ అవుతాయి. తూకం సరిగ్గా ఉండి, తగినంత కాలం ఆరితే బిళ్ళలో కాస్టిక్ మిగలదు. ఇదే సత్యం, ఇది చెప్పుకోవడానికి సిగ్గుపడవలసినదేమీ లేదు. ఒక్కొక్క నూనెకు కాస్టిక్ అవసరం ఒక్కొక్క విధంగా ఉంటుంది. గ్రాము కొబ్బరినూనెకు సుమారు 0.183 గ్రాములు, వేరుశెనగ నూనెకు సుమారు 0.136, ఆముదానికి సుమారు 0.128. కొబ్బరినూనె 400 గ్రాములు, మన సీమ వేరుశెనగ నూనె 500, ఆముదం 100 కలిపి కిలో చేస్తే, పూర్తిగా మార్చడానికి 154 గ్రాముల కాస్టిక్ పడుతుంది. చర్మానికి మెత్తదనం ఉండాలని అందులో 5 శాతం తగ్గించి 146 గ్రాములు వేస్తారు. నీరు 300 గ్రాములు. నూనె మార్చితే ఈ లెక్క మారిపోతుంది. గరిటెలతో, గ్లాసులతో కొలిచేవారు నాలుగు రూపాయలు మిగుల్చుకోబోయి కొనుగోలుదారు చర్మం మీదికి తెస్తారు. గ్రాముల వరకూ చూపే ఎలక్ట్రానిక్ కాటా లేనిదే ఈ పనికి దిగవద్దు. కాస్టిక్‌ను నీటిలో కొద్దికొద్దిగా వేయాలి గానీ, కాస్టిక్ మీద నీళ్ళు పోయకూడదు. భగ్గున పొంగి ముఖం మీదికి చిమ్ముతుంది. అల్యూమినియం పాత్ర వాడరాదు, స్టీలు వాడాలి. కళ్ళకు అద్దాలు, చేతులకు తొడుగులు ఉండాలి. పసిపిల్లలు తిరిగే వంటింట్లో ఈ పని చేయడం నాకు ఏమాత్రమూ సమ్మతం కాదు. ఈ మాట మళ్ళీ చెప్పవలసి వస్తుంది.

మన ప్రాంతానికి మరొక చిక్కు ఉన్నది. ఇది సున్నపురాయి నేల. యర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసినదీ, కడప బండలు దేశమంతా పోతున్నదీ ఆ రాయి చలవే. అదే రాయి భూగర్భజలాన్ని కఠినజలం చేస్తుంది. బోరు నీటితో కాస్టిక్ కలిపితే సబ్బులో తెల్లటి రవ్వలు పడతాయి. శుద్ధిచేసిన నీరు వాడండి. మీ సబ్బు మంచిదే అయినా, బోరు నీటితో స్నానం చేసే ఇంట్లో నురుగు తక్కువ వస్తుంది, బకెట్టుకు జిడ్డు పడుతుంది. ఆ సంగతి కొనేవారికి ముందే చెబితే మీ మీద నమ్మకం పెరుగుతుంది. కొబ్బరినూనె పాలు కొంచెం పెంచితే నురుగు మెరుగవుతుంది.

బజారులో దొరికే సోప్ బేస్ కరగించి, రంగూ వాసనా కలిపి అచ్చు పోసేవారు కూడా మీలో ఉన్నారు. అందులో కాస్టిక్ ప్రమాదం లేదు. అది తక్కువ పని అని నేను అనను. కానీ దానిని నూనెల నుండి స్వయంగా చేసిన సబ్బు అని చెప్పి అమ్మడం అమానతులో ఖయానతు అవుతుంది.

ఎర్రచందనం గురించి హెచ్చరిక. శేషాచలం, పాలకొండ, లంకమల కొండలలో పెరిగే చెట్టు గనుక మనకు అది ఇంటి పెరటి వస్తువులా తోస్తుంది. "ఎర్రచందనం పొడి" అని సంచుల్లో తెచ్చి అమ్మేవారున్నారు. అటవీశాఖ అనుమతి పత్రాలు లేని ఎర్రచందనం ఏ రూపంలో ఇంట్లో ఉన్నా కేసు పడుతుంది. ఆ కేసులలో బెయిలు కోసం తిరిగే కుటుంబాలను మీరు చూసే ఉంటారు. రంగు కావాలంటే పసుపు చాలు. మైదుకూరు పసుపు మన పక్కనే ఉన్నది.

ఇక చట్టం. మూడు దశాబ్దాలకు పైగా ప్రభుత్వ దస్త్రాల మధ్య గడిపినవాణ్ణి గనుక నాకు తెలిసిన ఒక విషయం చెబుతాను. కార్యాలయంలో బల్లకు ఇవతల నిలబడిన మనిషి ఎంత నిజం చెప్పినా, దస్త్రంలో లేనిది అక్కడ లేనట్టే.

ఔషధాలు, సౌందర్య సామగ్రి చట్టం 1940 నాటిది. దానిలో సౌందర్య సామగ్రి నిర్వచనం నుండి సబ్బును మొదట మినహాయించారు. 1982 సవరణతో ఆ మినహాయింపు తొలగిపోయింది. అప్పటినుండి అమ్మకానికి స్నానపు సబ్బు తయారుచేయాలంటే రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ లైసెన్సు ఉండాలి. చేతితో చేసినది, ఇంట్లో చేసినది, మూలికలతో చేసినది అన్న కారణంతో మినహాయింపు లేదు. ఉబ్టన్, ముఖానికి పూసే లేపనాలు, మెహందీ కోన్లు కూడా ఈ చట్టం కిందికే వస్తాయి. ఇప్పుడు అమలులో ఉన్నవి 2020 డిసెంబరులో వెలువడిన సౌందర్య సామగ్రి నిబంధనలు. సి.ఓ.ఎస్.-5 ఫారంలో దరఖాస్తు చేస్తే, తనిఖీ అనంతరం సి.ఓ.ఎస్.-8 ఫారంలో లైసెన్సు ఇస్తారు. లైసెన్సు లేకుండా అమ్మకానికి తయారుచేయడం శిక్షార్హమైన నేరం. నేను మిమ్మల్ని భయపెట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. ఇన్నాళ్ళూ ఈ మాట ఎవరూ మీకు చెప్పలేదు గనుక చెబుతున్నాను. సబ్బుల తయారీ నేర్పే శిక్షణలు ఎన్నో జరుగుతున్నాయి. సర్టిఫికెట్లు ఇస్తున్నారు, ఫొటోలు తీస్తున్నారు. లైసెన్సు అన్న మాట చివరి రోజున కూడా చెప్పని శిక్షణలు నాకు తెలుసు. అది ఈత నేర్పకుండా పెన్నలో దింపినట్టు.

లైసెన్సుకు అడ్డుపడేది ప్రధానంగా స్థలం. తయారీ జరిగే చోటు నివాసానికి వేరుగా, శుభ్రంగా ఉండాలి. నేల నుండి ఆరడుగుల ఎత్తు వరకూ గోడలు నున్నగా, తడి పీల్చకుండా, కడగడానికి వీలుగా ఉండాలి. చిన్నతరహాలో స్నానపు సబ్బుల తయారీకి కనీసం 100 చదరపు మీటర్ల స్థలాన్ని నిబంధనలు సూచిస్తాయి. అంటే సుమారు 120 గజాలు. ఇక్కడ కూర్చున్నవారిలో ఎంతమంది ఇల్లు మొత్తం కలిపి 120 గజాలుంటుంది? రెండు గదులలో ఏడుగురు నివసించే ఇంటికి ఈ నిబంధన వర్తింపజేస్తే ఫలితం ముందే తెలుసు. నిబంధన అన్యాయమని నేను అనను. కాస్టిక్ ఉన్నచోట పిల్లలు ఉండకూడదని ఇంతకుముందే అన్నాను. కొనేవారి చర్మానికి రక్షణ ఉండవలసిందే. మెహందీ కోన్ల సంగతే చూడండి. ఎర్రగా, నల్లగా త్వరగా పండాలని హానికరమైన రసాయనాలు కలిపిన కోన్ల వల్ల చేతులు బొబ్బలెక్కిన పిల్లలను పండుగల తరువాత ఆసుపత్రులలో చూస్తూనే ఉన్నాము. కాబట్టి తనిఖీ అవసరమే. అయితే చట్టం స్థలం అడుగుతున్నప్పుడు, ఆ స్థలం పేదరాలికి ఎక్కడినుండి వస్తుందో ఆలోచించవలసిన బాధ్యత ప్రభుత్వానిది కూడా.

దీనికి దారి ఆ నిబంధనలలోనే ఉన్నది. లోన్ లైసెన్సు అంటారు. పేరు చూసి అప్పు అనుకోకండి, దానికీ బ్యాంకుకూ సంబంధం లేదు. సొంత తయారీశాల లేనివారు, లైసెన్సు ఉన్న మరొకరి తయారీశాలను వాడుకుని, తమ పేరున సరకు చేయించుకోవడానికి ఇచ్చే అనుమతి అది. సి.ఓ.ఎస్.-6 దరఖాస్తు, సి.ఓ.ఎస్.-9 లైసెన్సు. పెద్ద కంపెనీలు చాలాకాలంగా ఈ పద్ధతిలో వ్యాపారం చేస్తున్నాయి. మన స్త్రీలు ఎందుకు చేయకూడదు? ప్రొద్దుటూరులో ఒకటి, జమ్మలమడుగులో ఒకటి, పులివెందులలో ఒకటి చొప్పున సంఘం పేరున ఒక్కొక్క షెడ్డుకు లైసెన్సు తీసుకుని, అందులో వంతులవారీగా పనిచేసుకుంటే, ఒక్కొక్కరు తమ పేరున, తమ ముద్రతో సరకు అమ్ముకోవచ్చు. ఆరబెట్టే అరలు ఉమ్మడివి, కాటా ఉమ్మడిది, నీటి శుద్ధి యంత్రం ఉమ్మడిది. సబ్బు ఎవరిది వారిది.

మరొక నిబంధన మనకు అనుకూలమైనది. తయారీని పర్యవేక్షించడానికి అర్హతగల సాంకేతిక సిబ్బంది ఒకరు పూర్తికాలం ఉండాలి. అర్హత ఏమిటంటే ఫార్మసీ డిప్లొమా, లేదా ఫార్మసిస్టుగా నమోదు, లేదా రసాయనశాస్త్రం ఒక సబ్జెక్టుగా ఇంటర్మీడియెట్ ఉత్తీర్ణత. మూడవ అర్హతను దయచేసి గమనించండి. బైపీసీ, ఎంపీసీ చదివి, పై చదువుకు పంపక, సంబంధాలు చూస్తున్నామంటూ మనం ఇంట్లో కూర్చోబెట్టిన ఆడపిల్లలు ఈ మూడు ఊళ్ళలోనూ ఉన్నారు. వారికి ఈ చట్టం ఒక ఉద్యోగం చూపిస్తున్నది. ఇంటర్మీడియెట్‌తో చదువు ఆపించిన తండ్రులు ఈ సభలో ఉంటే, వారు ఈ వాక్యాన్ని మరొకసారి మనసులో చదువుకోవాలని మనవి.

స్థలం కోసం మనం ఏమి అడగాలి? ప్రతి అసెంబ్లీ నియోజకవర్గంలోనూ ఎం.ఎస్.ఎం.ఈ. పార్కు ఏర్పాటు చేస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడూ నియోజకవర్గ కేంద్రాలే. ఒక్కొక్క పార్కులో మహిళల ఉమ్మడి తయారీశాలకు ఒక షెడ్డు కేటాయించాలని మూడు ఊళ్ళవారూ ఒకేరోజు వినతిపత్రాలు ఇవ్వాలి. మన స్త్రీలకు మాత్రమే అని అడగవద్దు. ఎరుకల, చేనేత, దళిత స్త్రీలు ఎవరు వచ్చినా కలుపుకోవాలి. మన నూర్ బాషా సోదరులు దూదేకే విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగిన రోజులు నాకు గుర్తున్నాయి. ఫోం పరుపులు వచ్చిన తరువాత ఆ విల్లు మూలపడింది. ఒంటరిగా ఉన్న చేతివృత్తిని కంపెనీ సరకు ఎంత త్వరగా తుడిచిపెడుతుందో చూసినవారం గనుక, ఈసారి సంఘంగా ఉండడం అవసరం.

ప్రభుత్వం వెనుక నిలబడితే ఏమవుతుందో చూడడానికి దూరం పోనక్కరలేదు. మైసూరు శాండల్ సబ్బు 1916లో మైసూరు సంస్థానం స్థాపించిన కర్మాగారం నుండి వచ్చింది. నేటికీ ప్రభుత్వ సంస్థ ఉత్పత్తే. 1956లో ఏర్పడిన మన గిరిజన సహకార సంస్థ ఆదివాసులు సేకరించిన అడవి సరకు కొనడమే కాక మూలికా సబ్బులు కూడా తన పేరున అమ్ముతున్నది. ఇక చేతి సబ్బుకు లోకంలో గౌరవం లేదనేవారికి పాలస్తీనాలోని నాబ్లుస్ నగరం పేరు చెప్పండి. ఆలివ్ నూనెతో అక్కడ చేసే సబ్బు, సిరియాలోని అలెప్పో సబ్బు, రెండూ 2024 డిసెంబరులో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలోకి చేరాయి. ఎన్ని కష్టాలు మీదపడినా అక్కడివారు ప్రతి బిళ్ళ మీద తమ ఇంటి ముద్ర కొట్టడం మానలేదు.

ఇక పెట్టుబడి. సచార్ నివేదికలోనే మరొక చేదు విషయం ఉన్నది. ముస్లింలు ఎక్కువగా ఉండే కొన్ని ప్రాంతాలను కొన్ని బ్యాంకులు అప్పు ఇవ్వడానికి పనికిరాని మండలాలుగా గుర్తించాయని అది నమోదు చేసింది. ఆ గీతలు పటాల మీద నేడు కనిపించకపోవచ్చు. ఈ జిల్లాలోనే ఒక బ్యాంకు శాఖలో, ఊరు పేరు చెప్పను, దరఖాస్తుతో వెళ్ళిన ఒక ఆపాను "మీ వీధికి ఇవ్వడం లేదమ్మా" అని పంపివేశారు. వీధికి అప్పు ఇవ్వమని ఆమె అడగలేదు. నేను తోడువెళ్ళి, దరఖాస్తు తీసుకున్నట్టు రసీదు ఇవ్వండి, ఇవ్వకపోతే తిరస్కరణకు కారణం వ్రాతపూర్వకంగా ఇవ్వండి అని అడిగిన తరువాత కుర్చీ చూపించారు. కారణం వ్రాసి ఇవ్వవలసిన బాధ్యత బ్యాంకులకు రిజర్వు బ్యాంకు నిర్దేశించినదే. నోటిమాటతో వెనక్కి రావద్దు. సమాధానం లేకుండా ముప్పై రోజులు గడిస్తే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు, దానికి రుసుము లేదు.

ముద్రా పథకంలో 50 వేల వరకు శిశు, 5 లక్షల వరకు కిశోర్, 10 లక్షల వరకు తరుణ్ రుణాలున్నాయి. వీటికి ఆస్తి తాకట్టు అడగకూడదు. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకంలో మైనారిటీలు, స్త్రీలు ప్రత్యేక వర్గంలో ఉన్నారు. పట్టణంలో 25 శాతం, గ్రామంలో 35 శాతం సబ్సిడీ వస్తుంది. సొంత వాటా 5 శాతం పెట్టుకుంటే చాలు. మున్సిపాలిటీ హద్దు దాటి పక్క గ్రామంలో షెడ్డు వేస్తే పది శాతం అదనంగా వస్తుందన్నమాట. సబ్సిడీ చేతికి ఇవ్వరు, మూడేళ్ళపాటు బ్యాంకులోనే డిపాజిటుగా ఉంచి తరువాత అప్పులో జమ చేస్తారు. దరఖాస్తు ఆన్‌లైనులో ఉచితం. ఉద్యం నమోదు కూడా ఉచితమే. "సబ్సిడీ ఇప్పిస్తాను, ముందు పదివేలు ఇవ్వండి" అనేవారికి టీ కూడా ఇవ్వవద్దు.

వడ్డీ విషయం దాటవేయడం న్యాయం కాదు. రిబా వద్దనుకుని బ్యాంకు గడప తొక్కని కుటుంబాలున్నాయి. వారి నిష్ఠను నేను గౌరవిస్తాను. కానీ అదే కుటుంబాలలో కొన్ని నూటికి ఐదు రూపాయల నెలవడ్డీకి డైలీ ఫైనాన్సు తీసుకోవడం కూడా చూశాను. ఆ లెక్క నాకు అర్థం కాదు. బ్యాంకు వద్దంటే దానికి బదులు ఏర్పాటు చేయవలసినది మనమే. ఈ మూడు ఊళ్ళలోని మసీదు కమిటీలు, బైతుల్‌మాల్ నిర్వాహకులు ఇక్కడ ఉన్నారు. రంజాను నెలలో చీరలు, కిట్లు పంచే సొమ్ములో కొంత భాగాన్ని ఖర్జె హసనగా ఇవ్వండి. ఒక స్త్రీకి కాటాకు, పాత్రలకు, మొదటి నూనెలకు, లైసెన్సు రుసుముకు సరిపడేంత ఇచ్చి, తిరిగి వచ్చిన సొమ్ము మరొకరికి ఇవ్వండి. జకాతుకు అర్హులైన వితంతువుల విషయంలో ఉలమాలను సంప్రదించి ఆ సొమ్మునే పనిముట్ల రూపంలో ఇవ్వవచ్చునేమో చూడండి. లాభనష్టాలు పంచుకునే భాగస్వామ్యం కూడా ధర్మసమ్మతమే గదా. ఏ పద్ధతిలో ఇచ్చినా, ఖాతా, రసీదు, లైసెన్సు ఆమె పేరునే ఉండాలి. భర్త పేరునో, బావమరిది పేరునో ఉంటే, రేపు తలాఖు జరిగినా, మరణం సంభవించినా, ఆమె చేతిలో మిగిలేది గరిటె ఒక్కటే.

కట్టలు విప్పి అమ్మేటప్పుడు కాగితం మీద ఏమి వ్రాయాలో చెబుతాను. సరకు పేరు, తయారుచేసినవారి పేరు, పూర్తి చిరునామా, బ్యాచి నంబరు, లైసెన్సు నంబరు, వాడవలసిన గడువు, నికర బరువు, అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ ధర, తయారైన నెల, సంవత్సరం, ఫిర్యాదుకు ఫోను నంబరు, కలిపిన దినుసులు. ఆరేకొద్దీ బిళ్ళ బరువు తగ్గుతుంది గనుక, పూర్తిగా ఆరిన తరువాతే తూచి బరువు వ్రాయండి. మచ్చలు పోతాయి, తామర తగ్గుతుంది, బొల్లి నయమవుతుంది వంటి మాటలు వ్రాయవద్దు. రోగం తగ్గుతుందన్న మరుక్షణం అది సబ్బు కాదు, మందు అవుతుంది. దానికి వేరే లైసెన్సు కావాలి. బొల్లి వంటి రోగాలకు చికిత్స అని ప్రకటించుకోవడం 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టం కింద నేరం. "తెల్లబడతారు" అని కూడా వ్రాయకండి. అది చట్టం మాట అటుంచి, మన ఆడపిల్లలను నలుపని చిన్నబుచ్చే మాట మన చేతులతోనే ఎందుకు ముద్రించాలి?

హలాల్ అని వ్రాయవచ్చా అని పొద్దున ఒక సోదరి అడిగింది. 2023 నవంబరులో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం హలాల్ సర్టిఫికెట్ గల సరకుల అమ్మకాన్ని నిషేధించినప్పటినుండి ఈ మాట చుట్టూ రాజకీయం అల్లుకున్నది. మన రాష్ట్రంలో అటువంటి నిషేధం లేదు. నా సలహా మాత్రం, దినుసులు పూర్తిగా వ్రాయమని. కొబ్బరినూనె, వేరుశెనగ నూనె, ఆముదం అని స్పష్టంగా ఉంటే, పంది కొవ్వు ఉన్నదేమో అన్న సందేహం ముస్లింకు ఉండదు, జంతువుల కొవ్వు ఉన్నదేమో అన్న సందేహం శాకాహారికీ ఉండదు. ప్రొద్దుటూరు బజారులో మన గిరాకీలో అన్ని మతాలవారూ ఉన్నారు.

పన్ను సంగతి క్లుప్తంగా. ఆంధ్రప్రదేశ్‌లో సరకులు అమ్మేవారికి ఏడాది అమ్మకం 40 లక్షలు దాటేవరకు జి.ఎస్.టి. నమోదు తప్పనిసరి కాదు. కానీ బెంగుళూరుకో, హైదరాబాదుకో అమ్మితే, అది పది బిళ్ళలైనా, రాష్ట్రం దాటిన అమ్మకం గనుక నమోదు కావాలి. స్నానపు సబ్బు బిళ్ళల మీద పన్ను 2025 సెప్టెంబరు 22 నుండి 18 శాతం నుండి 5 శాతానికి తగ్గింది. కంపెనీ సబ్బుల ధరలు తగ్గి పోటీ పెరిగినా, నమోదు చేసుకోవడానికి ఉన్న జంకు కొంత తగ్గింది.

భోజనానంతరం కూర్చుందాము. ఆధార్, పాన్, బ్యాంకు పాసుపుస్తకం నకళ్ళు తెచ్చినవారు కుడివైపు బల్ల దగ్గరకు రండి. ఉద్యం నమోదు ఈరోజే చేసి పంపుదాము. కంప్యూటరు తెలిసిన ఇద్దరు పిల్లలు సిద్ధంగా ఉన్నారు. రసాయనశాస్త్రంతో ఇంటర్మీడియెట్ చదివిన ఆడపిల్లల పేర్లు ఊరువారీగా వేరే పుస్తకంలో వ్రాసుకుంటాము, తల్లులు దయచేసి సంకోచించక చెప్పండి. షెడ్ల కోసం వినతిపత్రం చిత్తుప్రతి చదివి వినిపిస్తాను. అందులో మార్పులుంటే సూచించి సంతకాలు చేయండి. వేలిముద్ర వేసేవారు కూడా పక్కన తమ పూర్తి పేరు వ్రాయించుకోవాలి. ఫలానా వారి భార్య అని కాకుండా, తమ పేరు.

ఖుదా హాఫిజ్.